బ్యాంకాక్ బాతు హోటళ్లు చిన్నవిగానే ఎందుకు ఉంటాయి

బ్యాంకాక్‌లో చరోన్ క్రుంగ్ రోడ్డు మీద, బాంగ్ రక్ ప్రాంతంలో, రాబిన్సన్ డిపార్ట్‌మెంట్ స్టోర్‌కు ఎదురుగా ప్రచాక్ అనే బాతు హోటల్ ఉంది. ముందువైపు ఒక దుకాణం వెడల్పుకు మించదు. అద్దం వెనక కొక్కేలకు వేలాడే ఎర్రటి బాతులు కంటపడకపోతే దాన్ని గమనించకుండానే దాటిపోవచ్చు. 1909లో మొదలైన హోటల్ అని దానికి పేరు. వందేళ్లకు పైగా నడిచింది, ఊరంతా తెలుసు, టూరిస్టులు కూడా వెతుక్కుంటూ వస్తారు. అయినా ఇరుకు బల్లల దగ్గర భుజాలు రాసుకుంటూ తినాల్సిందే. ఇలాంటి బాతు హోటళ్లు బ్యాంకాక్‌లో ఇంకా చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఒకే కుటుంబం నడిపేవి, ఒకే గదిలో ఉండేవి.

ఇంత గిరాకీ ఉన్నా ఇవి ఎందుకు పెరగవు అని అడిగితే సంప్రదాయం అనో, తాతగారి రహస్య మసాలా అనో చెబుతారు. ఆ మాట వినడానికి బాగానే ఉంటుంది. కానీ కాల్చిన బాతు తయారయ్యే పద్ధతిని దగ్గరగా చూస్తే వేరే కారణం కనబడుతుంది. రేపు ఎన్ని బాతులు అమ్మాలో ఇవాళ సాయంత్రానికే తేలిపోయే వంటకం ఇది. మధ్యాహ్నం జనం ఎగబడ్డారని అప్పటికప్పుడు ఇంకో పది బాతులు కాల్చడం కుదరదు. హోటల్ ఎంత పెద్దదన్నది వంటగది వెనక బాతులు ఆరబెట్టే చోటు చెబుతుంది, ముందున్న కుర్చీలు కాదు.

అసలు థాయ్‌లాండ్‌కు ఈ బాతు ఎలా వచ్చిందో ముందు చూడాలి. థాయ్ చైనీయుల్లో అందరికంటే ఎక్కువ మంది తియోచ్యూ వాళ్లు, అంటే దక్షిణ చైనా తీరంలో తియోచ్యూ అనే ప్రాంతం నుంచి వచ్చినవాళ్లు. పద్దెనిమిదో శతాబ్దంలో రాజ్యమేలిన తాక్సిన్ తండ్రి కూడా ఆ వర్గం వాడే. కానీ తియోచ్యూ వాళ్ల బాతు కాల్చింది కాదు. సోయా సాస్, దాల్చినచెక్క, అనాసపువ్వు, దుంపరాష్ట్రం వేసి గంటల తరబడి ఉడికించేది. దాన్ని పెట్ ఫాలో అంటారు. నిప్పు సెగకు వేలాడదీసి కాల్చే పని దక్షిణ చైనా నుంచే వచ్చిన కాంటొనీస్ వాళ్లది. సంఖ్యలో వాళ్లు తక్కువ. మర పనులు, నిర్మాణం పనులు, వంట పనుల్లో వాళ్లకు పేరుండేది. హైనాన్ ద్వీపం నుంచి వచ్చినవాళ్లు ఉడికించిన కోడి, నెయ్యిలాంటి కోడికొవ్వుతో వండిన అన్నం తెచ్చారు. బ్యాంకాక్ వీధుల్లో ఒక్కో హోటల్ ముందు వేలాడేది ఏ పక్షి, అది ఏ రంగులో ఉంది అన్నది చూస్తే ఆ కుటుంబం పూర్వీకులు ఏ రేవులో ఓడ ఎక్కారో దాదాపుగా చెప్పేయొచ్చు.

చరోన్ క్రుంగ్ రోడ్డు కథ కూడా ఇందులో కలుస్తుంది. అంతకుముందు ఊరంతా కాలువల మీదే నడిచేది. గుర్రపు స్వారీకి, బగ్గీలకు రోడ్డు కావాలని యూరోపియన్ కాన్సుల్స్, అంటే ఆయా దేశాల ప్రతినిధులు, అడిగితే, నాలుగో రాముడిగా పిలిచే మోంగ్‌కుట్ రాజు కాలంలో 1862, 1864 మధ్య ఈ రోడ్డు వేశారు. 1888లో దీని మీద గుర్రాలు లాగే ట్రామ్ కూడా వచ్చింది. బాంగ్ రక్ వైపు ఎంబసీలు, వ్యాపార సంస్థలు, కస్టమ్స్ హౌస్, ఓరియంటల్ హోటల్, చర్చిలు, మసీదు అన్నీ నది ఒడ్డునే చేరాయి. ఆఫీసు గుమాస్తాలు, రేవు కూలీలు, మెకానిక్కులు మధ్యాహ్నం పూట చకచకా తిని పోవాలి. కాంటొనీస్ బాతు హోటల్‌కు ఇంతకంటే మంచి చోటు దొరకదు.

ఇక తయారీ. బాతు చర్మం కింద మందంగా కొవ్వు పొర ఉంటుంది. నీళ్లలో తిరిగే పక్షికి అది అవసరం, వంటవాడికి మాత్రం చిక్కు. ఊరికే నిప్పు మీద పెడితే ఆ కొవ్వు సరిగ్గా దిగదు. చర్మం రబ్బరులా సాగుతుంది, ఈలోపు రొమ్ము మాంసం ఎండిపోతుంది. కాంటొనీస్ పద్ధతిలోని ప్రతి మెట్టూ ఈ ఒక్క చిక్కును విప్పడానికే పుట్టింది.

మొదట మెడ దగ్గర గాటు పెట్టి చర్మానికీ మాంసానికీ మధ్య గాలి కొడతారు. ఒకప్పుడు నోటితో ఊదేవారు, ఇప్పుడు చిన్న పంపు ఉంది. గాలికి చర్మం పైకి లేస్తుంది. దానివల్ల కాలేటప్పుడు కొవ్వు కరిగి కిందికి జారడానికి దారి దొరుకుతుంది. తర్వాత పొట్టలోకి ఉప్పు, చక్కెర, పులియబెట్టిన సోయా ముద్ద, వెల్లుల్లి, అల్లం, ఐదు దినుసుల పొడి వెళ్తాయి. ఆ ఐదింటిలో అనాసపువ్వు, లవంగం, దాల్చినచెక్క, సోంపు మనకూ తెలిసినవే. ఐదోది సిచువాన్ మిరియం. పొట్టను ఇనప పుల్లతో కుట్టేస్తారు. దీంతో పొయ్యిలోకి వెళ్లాక బయట చర్మం కాలుతుంటే లోపల మసాలా నీరు ఆవిరై మాంసాన్ని ఉడికిస్తుంది. రెండు వంటలు ఒకేసారి జరుగుతాయన్నమాట. పొట్టలో మిగిలిన ఆ రసాన్ని పారబోయరు. దాని సంగతి తర్వాత వస్తుంది.

కుట్టిన బాతు మీద సలసల మరిగే నీళ్లు పోస్తారు. చర్మం ఒక్కసారిగా బిగుసుకుంటుంది. ఆ వేడి మీదే మాల్టోజ్ (ధాన్యం నుంచి తీసే ఒక రకం చక్కెర) పాకంలో వెనిగర్ కలిపి ఒళ్లంతా పట్టిస్తారు. థాయ్ వంటవాళ్లు ఈ పాకాన్ని బే సే అంటారు. మామూలు పంచదార ఎందుకు పనికిరాదంటే, అది ముందు విడిపోతే తప్ప మాంసకృత్తులతో కలిసి ఎర్రబడదు. మాల్టోజ్ నేరుగా ఆ పని చేస్తుంది. పైగా తీపి తక్కువ, జిగురు ఎక్కువ. వేలాడుతున్న బాతు మీంచి జారిపోకుండా అంటుకుని ఉంటుంది. వెనిగర్ కలిపితే పలచబడి సమంగా పరుచుకుంటుంది. కొన్ని చోట్ల ఎర్ర రంగు కూడా వేస్తారు. మరీ కుంకుమలా మెరుస్తున్న బాతును చూసి మాల్టోజ్ మహిమ అనుకోనక్కర్లేదు.

అసలు ఇబ్బంది మొదలయ్యేది ఈ తర్వాతే. పాకం పట్టించిన బాతును గంటల తరబడి, చాలాచోట్ల రాత్రంతా, ఆరనివ్వాలి. చర్మంలో తడి ఉన్నంతసేపూ పొయ్యి వేడి ఆ తడిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. తడి పోయాకే చర్మం ఎర్రబడుతుంది, కరకరలాడుతుంది. బ్యాంకాక్ గాలేమో ఏడాదిలో ఎక్కువ రోజులు తేమతో బరువుగా ఉంటుంది. వానాకాలంలో చెప్పనే అక్కర్లేదు. అందుకే ఫ్యాన్లు కావాలి, వీలైతే చల్లటి గది కావాలి, అన్నిటికంటే ముందు బాతులు ఒకదానికొకటి తగలకుండా వేలాడే చోటు కావాలి. రెండు బాతులు ఆనుకుంటే ఆనిన చోట మచ్చ పడుతుంది. షాపుహౌస్ అని పిలిచే ఆ పాత రెండంతస్తుల ఇళ్లలో, కింద హోటల్, పైన కాపురం ఉంటే, బాతులకు మిగిలే జాగా ఎంతో ఊహించుకోవచ్చు. పొయ్యి సంఖ్య పెంచడం పెద్ద పని కాదు. ఆరబెట్టే కొక్కేల సంఖ్య పెంచడమే కష్టం.

కాల్చడానికి ముప్పావుగంట నుంచి గంట. గోళెంలాంటి నిలువు పొయ్యి, అడుగున నిప్పు, పైన కడ్డీలకు బాతులు. వేలాడదీయడం వల్ల కొవ్వు దానంతటదే కిందికి కారుతుంది. పాత హోటళ్లు బొగ్గు వాడేవి, ఇప్పుడు చాలావరకు గ్యాస్‌కు మారాయి. బొగ్గు వాసన పోయిందని బాధపడేవాళ్లు ఉన్నారు గానీ, ఇరుకు వీధిలో రోజూ తెల్లవారుజామునే బొగ్గు రాజేసి పొగ పెడితే పక్కింటివాళ్లు ఏమంటారో కూడా ఆలోచించాలి.

ఇంతవరకు చెప్పిందంతా హాంకాంగ్‌లోనూ ఇంచుమించు ఇలాగే జరుగుతుంది. బాతు థాయ్ వంటకంగా మారేది ప్లేటులోకి వచ్చాకే. హాంకాంగ్‌లో ఎముకతో సహా టకటకా నరికి ఇస్తారు, చర్మం కరకరలాడాలి, సాస్ పక్కన ఉండాలి. బీజింగ్‌లోనైతే చర్మానిదే రాజ్యం, దాన్ని పలచటి రొట్టెలో చుట్టుకుని తింటారు. ఖావ్ నా పెట్, అంటే థాయ్ పద్ధతిలో అన్నం మీద బాతు, తీరు వేరు. ఎముక తీసేసి మాంసాన్ని పలచటి ముక్కలుగా కోసి అన్నం మీద వరసగా పేర్చి, పైనుంచి గోధుమరంగు గ్రేవీ పోస్తారు. బాతు పొట్టలో మిగిలిన రసం అక్కడికే చేరుతుంది. దానికి సోయా సాస్, చక్కెర, మసాలా కలిపి, కొంచెం పిండితో చిక్కబరుస్తారు. పక్కన ఎర్రగా ఊరిన అల్లం, కీర దోసకాయ ముక్కలు, కొత్తిమీర. చిన్న గిన్నెలో నల్లటి తియ్య సోయా సాస్, వెనిగర్‌లో నానిన మిరపకాయలు.

ఎముక ఎందుకు తీస్తారన్నదానికి సులువైన జవాబు ఉంది. థాయ్‌లాండ్‌లో అన్నం తినేది స్పూన్, ఫోర్క్‌తో. బల్ల మీద కత్తి ఉండదు, చేత్తో ఎముక పట్టుకుని చీకడం హోటల్లో అంత అలవాటు లేదు. అందుకని స్పూన్‌లో అన్నంతో పాటు పట్టేంత ముక్కే కావాలి. గ్రేవీ విషయం ఇంకా ఆసక్తికరం. రాత్రంతా ఆరబెట్టి, అంత తంటాలుపడి చర్మాన్ని కరకరలాడేలా చేసి, చివర్లో దాని మీద వేడి గ్రేవీ పోయడం కాంటొనీస్ వంటవాడి కంటికి నేరంలా కనిపించొచ్చు. కానీ చిన్న హోటల్‌కు ఇందులో పెద్ద వెసులుబాటు ఉంది. కరకరే ప్రాణమైతే కాల్చిన రెండు మూడు గంటల్లో బాతు అమ్ముడైపోవాలి. గ్రేవీతో తినే ఊళ్లో పొద్దున కాల్చిన బాతు మధ్యాహ్నం దాకా గౌరవంగా అమ్మొచ్చు. ఒకే పొయ్యి, ఒకే వాయితో రోజంతా హోటల్ నడవడానికి థాయ్ గ్రేవీ ఇచ్చిన సాయం తక్కువది కాదు.

అన్నం వద్దనుకుంటే బమీ ఉంది. గుడ్డు కలిపిన పసుపుపచ్చ నూడుల్స్, మీద బాతు ముక్కలు, ఆకుకూర, కావాలంటే పులుసుతో, వద్దంటే పొడిగా. పులుసు ఎక్కడి నుంచి వస్తుంది? అన్నం ప్లేటు కోసం తీసేసిన ఎముకల నుంచే. ఒక బాతు హోటల్ మెనూ చదవడమంటే దాదాపుగా ఒక బాతు శరీరాన్ని చదవడమే. రొమ్ము, తొడ అన్నం మీదికి. ఎముకలు పులుసులోకి. కార్జం, కందనకాయ, కాళ్లు, రెక్కలు సోయా మసాలాలో ఉడికి వేరే ప్లేట్లుగా. కొన్ని హోటళ్లలో గడ్డకట్టించిన నెత్తురు ముక్కలు కూడా ఉంటాయి. కరిగిన కొవ్వును వెల్లుల్లి వేయించడానికో, నూడుల్స్ కలపడానికో వాడొచ్చు. కోడితో పోలిస్తే బాతులో ఎముక, కొవ్వు ఎక్కువ, మాంసం తక్కువ. కొన్న బరువులో పెద్ద భాగం కొవ్వుగా, నీరుగా పొయ్యిలోనే పోతుంది. బ్యాంకాక్‌లో ఇలాంటి ప్లేటు సాధారణంగా 60 నుంచి 100 బాత్‌లకు (థాయ్ కరెన్సీ) దొరుకుతుందంటే, మిగిలిన ఏ భాగమూ వృథా కాకపోవడం వల్లే. ముందు గదిలో మొద్దు దగ్గర నిలబడి కోసే మనిషికి అందుకే అంత విలువ. ముక్క కాస్త మందంగా పడితే లాభం పోతుంది, మరీ పలచనైతే రోజూ వచ్చేవాడు మర్నాడు పక్క వీధికి పోతాడు. చాలా హోటళ్లలో ఆ కత్తి యజమాని చేతిలోనో, ఇంటివాళ్ల చేతిలోనో కనిపించడానికి కారణం కూడా ఇదే కావచ్చు.

బాతు పక్కనే అదే కొక్కేలకు ఎర్రటి పంది మాంసం, కరకరలాడే పంది పొట్ట మాంసం కూడా వేలాడుతుంటాయి. ఒకే పొయ్యి, ఒకే కత్తి, ఒకే మొద్దు. హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలున్న ఊరు కాబట్టి తెలుగు టూరిస్టులు ఇప్పుడు బ్యాంకాక్ వీధుల్లో బాగానే కనబడుతున్నారు. పంది మాంసం తిననివాళ్లు ఈ సంగతి తెలుసుకుని లోపలికి వెళ్లడం మంచిది. గ్రేవీ మన నాలుకకు తియ్యగా తోస్తుంది. బల్ల మీద మిరపకాయల వెనిగర్, ఎండుమిరప పొడి పెట్టేది అందుకే, మొహమాటపడక్కర్లేదు.

ఇక బాతుల సరఫరా. ఈ హోటళ్లు కాల్చేది తెల్ల ఈకల పెకిన్ జాతి మాంసపు బాతును. థాయ్ మార్కెట్లో దీన్ని చెర్రీ బాతు అంటారు. ఇంగ్లండ్‌లోని చెర్రీ వ్యాలీ అనే కంపెనీ అభివృద్ధి చేసిన రకం పేరు అలా స్థిరపడింది. ఆరేడు వారాల్లో మూడు కిలోల దాకా తూగుతుంది. షెడ్లలో పెంచి, కంపెనీలు శుభ్రం చేసి సరఫరా చేస్తాయి. దీనికి పూర్తిగా వేరైన బాతు ఇంకొకటి ఉంది. వరికోతలయ్యాక మళ్లలో రాలిన గింజలు, నత్తలు తింటూ ఊరి నుంచి ఊరికి మందలుగా తిరిగే గుడ్ల బాతు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో, కొల్లేరు చుట్టూ, నెల్లూరు వైపు బాతుల మందలు తోలుకెళ్లేవాళ్లను చూసినవారికి మధ్య థాయ్‌లాండ్ వరి పొలాల్లో దృశ్యం కొత్తగా అనిపించదు. బాతు విషయంలో మనకూ వాళ్లకూ ఉన్న తేడా పొలంలో లేదు. మన దగ్గర బాతు గుడ్ల కోసం, అక్కడక్కడా పులుసు కోసం. తిరిగి తిరిగి గట్టిపడిన గుడ్ల బాతు ఎంతసేపు వేలాడదీసి కాల్చినా మెత్తబడదు. కొవ్వు పట్టిన లేత బాతును రోజూ ఒకే సైజులో అందించే సరఫరా ఉంటే తప్ప ఈ హోటల్ పుట్టదు.

ఆ సరఫరా ఒకసారి కుప్పకూలింది. 2004 జనవరిలో థాయ్‌లాండ్‌లో బర్డ్ ఫ్లూ బయటపడింది. ఆ తర్వాతి నెలల్లో కోట్ల సంఖ్యలో కోళ్లు, బాతులు చచ్చిపోయాయి లేదా వాటిని చంపేయాల్సి వచ్చింది. 2006 వరకు 25 మంది మనుషులకు సోకింది, వాళ్లలో 17 మంది చనిపోయారు. పొలాల్లో తిరిగే బాతులు పెద్దగా జబ్బు పడకుండానే వైరస్‌ను మోసుకెళ్తున్నాయని పరిశోధనల్లో తేలడంతో మందల కదలికలకు ప్రభుత్వం అడ్డుకట్ట వేసింది. వేడికి వైరస్ చస్తుంది, కాబట్టి బాగా కాల్చిన బాతుతో ప్రమాదం లేదు. కానీ భయం లెక్కలు చూసి రాదు. జనం మళ్లీ తినడానికి ధైర్యం చేయాలని బ్యాంకాక్‌లో ప్రభుత్వమే బహిరంగంగా చికెన్ వండి తినిపించింది. ఒకే పక్షిని నమ్ముకున్న హోటల్‌కు ఆ రోజుల్లో వేరే దారి లేదు. మెనూలో పక్కన ఎర్ర పంది మాంసం ఉండటం ఎంత ముందుచూపో అప్పుడు అర్థమై ఉంటుంది.

ఏడాదిలో గిరాకీ కూడా సమంగా ఉండదు. చైనా కొత్త సంవత్సరానికి, పితృదేవతలను తలుచుకునే ఏడో నెల పండక్కి థాయ్ చైనీయుల ఇళ్లలో పంది మాంసం, కోడి, బాతు నైవేద్యంగా పెడతారు. ఆ రెండు మూడు రోజులు ముక్కలు చేయని నిండు బాతుల ఆర్డర్లు వచ్చి పడతాయి, ఆరబెట్టే కొక్కేలు చాలవు. ఆ తర్వాత తొమ్మిదో నెలలో శాకాహార పండగ వస్తుంది. పసుపు జెండాలు కట్టి తొమ్మిది రోజుల పాటు చాలామంది మాంసం ముట్టరు. చైనా మూలాలున్న హోటళ్లు కొన్ని ఏకంగా మూసేస్తాయి, కొన్ని ఆ తొమ్మిది రోజులకు శాకాహారం వండుతాయి. బాతు హోటల్ యజమానికి సెలవు దొరికే కాలం ఏదైనా ఉంటే అదే.

పోటీ వీధి చివరి నుంచి రాలేదు, షాపింగ్ మాల్ నుంచి వచ్చింది. బల్ల మీదే కుండలో ఉడికించుకుని తినే సుకీ వంటకానికి పేరున్న ఎం.కె. అనే చెయిన్ రెస్టారెంటుకు వందల శాఖలున్నాయి. అక్కడ కాల్చిన బాతు, దానితో ఆకుపచ్చ నూడుల్స్ బాగా అమ్ముడయ్యే ప్లేటు. పెద్ద ఫ్యాక్టరీలో తేమ, వేడి లెక్కగట్టి ఆరబెట్టి కాలిస్తే వానాకాలం బెంగ ఉండదు, రుచి ఏ శాఖలోనైనా ఒకేలా ఉంటుంది. ఏసీలో కూర్చుని తినేవాళ్లకు అది చాలు. బాతు హోటల్‌కు మిగిలింది గ్రేవీ, ధర, ఆఫీసుకు నడిచి వెళ్లేంత దగ్గరితనం.

డెలివరీ యాప్‌లు వచ్చాక ఈ చిన్న హోటళ్లకు కొత్త లెక్క ఎదురైంది. ఆర్డర్లు ఊరంతా నుంచి వస్తాయి, కమీషన్ పోతుంది. చర్మం మెత్తబడకుండా గ్రేవీని విడిగా సంచిలో కట్టి ఇస్తున్నారు. కానీ పన్నెండింటికి రెట్టింపు ఆర్డర్లు వచ్చినా నిన్న రాత్రి ఆరబెట్టిన బాతులు అన్నే. ఎక్కువ అమ్మాలంటే ఊరి బయట ఒక షెడ్డు తీసుకుని, అక్కడ ఆరబెట్టి, కాల్చి, పొద్దున్నే వ్యాన్‌లో తేవాలి. అలా చేసినవాళ్లూ ఉన్నారు. అప్పుడు ముందు గదిలో అద్దం వెనక వేలాడేవి ఆ హోటల్లో కాల్చినవి కావు, రెండో శాఖ పెట్టడానికి మాత్రం అడ్డేమీ ఉండదు. ఆ ఖర్చు పెట్టని కుటుంబాలు సాయంత్రం అయ్యేసరికి బాతులు అయిపోయాయని చెప్పి షట్టర్ దించేస్తున్నాయి.